సంఘం డొమైన్ గడువు తీరితే ఏమి చేయాలి?

తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట నగదు పుస్తకం, తరువాత పాల సేకరణ రిజిస్టరు, ఆ పైన స్టాకు చూస్తాము. ఈమధ్య ఇంకొక ప్రశ్న కూడా వేస్తున్నాము: "మీ సంఘం డొమైన్ ఎవరి పేరున ఉన్నది? గడువు ఎప్పటికి?" చాలాచోట్ల కార్యదర్శులు మా ముఖం చూస్తున్నారు.

ఇలా అడగడానికి కారణం ఉన్నది. ఒక సంఘంలో పక్షం బిల్లు అయిదు రోజులు ఆగిపోయినది. యూనియన్ వారు వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. పట్టికను ఎప్పటివలె ఈ-మెయిలులో పంపగా అది తిరిగిపోయినది. బ్యాంకు లేఖలూ అంతే. దాణాకు అప్పు తెచ్చుకున్న సభ్యులు కేంద్రం ముందు చేరి కార్యదర్శిని నిలదీశారు. ఆయన కంప్యూటరు చెడిందనుకొని మెకానిక్‌ను పిలిపించారు. అందులో రెండు రోజులు పోయినవి. తీరా చూస్తే డొమైన్ రుసుము కట్టలేదు, అంతే.

డొమైన్ మనం కొన్నది కాదు, కౌలుకు తీసుకున్నది. గడువుకు రుసుము కట్టి పొడిగించుకోవాలి. ఒక్కసారి పదేళ్ళకు మించి కట్టించుకోరు. ఈ పేర్లు నమోదు చేసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. మన సహకార శాఖ రిజిస్ట్రారు గారికి దీనితో సంబంధం లేదు! పెద్ద కంపెనీలకూ ఈ మరపు తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వారు ఒక డొమైన్‌కు 35 డాలర్లు కట్టడం మరచిపోగా హాట్‌మెయిల్ వాడేవారు ఇబ్బంది పడ్డారు. ఒక బయటి ప్రోగ్రామరు తన సొమ్ము కట్టి ఆ పేరును నిలబెట్టాడు.

డాట్ కామ్ వంటి పేర్లకు గడువుకు సుమారు నెల ముందు, వారం ముందు, తీరిన అయిదు రోజులలోపు రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలి. గడువు తీరాక కంపెనీని బట్టి 45 రోజుల వరకు మామూలు రుసుముతో పొడిగించే వీలుండవచ్చు. ఈలోపే వేలానికి పెట్టే కంపెనీలూ ఉన్నవి గనుక నిశ్చింతగా కూర్చోరాదు. పేరును తొలగించిన తరువాత 30 రోజులు అపరాధ రుసుముతో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆపైన 5 రోజులకు అది ఎవరికైనా దొరుకుతుంది. అలా కొన్నవాడు మన పేరున వచ్చే ఉత్తరాలన్నీ అందుకోగలడు. బ్యాంకు పాస్‌వర్డు మార్చే ఉత్తరమూ అందులో ఉండవచ్చు.

ఆ సంఘంలో అసలు చిక్కు వేరు. వెబ్‌సైటు చేసిన కుర్రవాడు డొమైన్‌ను తన పేరుననే నమోదు చేసుకొని, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే పాస్‌వర్డు మరచిపోయానన్నాడు. మార్చుకుందామంటే ఆ ఉత్తరం వెళ్ళేది ఆగిపోయిన సంఘం ఈ-మెయిలుకే. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్లయినది. చివరకు అతని గుర్తింపు కార్డు, సంఘం నమోదు పత్రం, పాలకవర్గ తీర్మానం పంపితే కంపెనీ వారు దారి ఇచ్చారు.

ఉత్తరాలు ఆగినప్పుడు మెకానిక్‌కు ముందు 'హూయిజ్' అనే వెదుకులాటలో డొమైన్ గడువు చూడండి. తీరి ఉంటే రిజిస్ట్రార్ ఖాతాలోకి స్వయంగా వెళ్ళి కట్టండి. ఈ-మెయిలులో వచ్చిన లింకు నొక్కి కట్టవద్దు, దొంగ నోటీసులు చాలా తిరుగుతున్నవి. కట్టిన తరువాత నేమ్ సర్వర్లు, ఎం.ఎక్స్. రికార్డు మునుపటివలె ఉన్నవో లేదో తెలిసినవారిచేత చూపించండి. అన్నిచోట్లా సర్దుకోవడానికి 48 గంటల వరకు పట్టవచ్చు. మెయిల్ పెట్టెకు వేరే రుసుము ఉంటే అదీ చూసుకోవాలి. పెట్టెలోని పాత ఉత్తరాలు సాధారణంగా భద్రంగానే ఉంటాయి. ఆగిన రోజులలో తిరిగిపోయినవి మాత్రం వాటంతట అవి రావు. యూనియన్‌కు, బ్యాంకుకు, దాణా సరఫరాదారుకు ఫోను చేసి మళ్ళీ పంపించుకోవాలి. ఈ సమయంలో తాత్కాలిక చిరునామా వాడితే ఆ సంగతి ఫోనులోనే చెప్పండి. సంఘం బ్యాంకు ఖాతా మారినదంటూ కొత్త చిరునామా నుంచి ఉత్తరం వస్తే, ఫోను చేసి అడగనిదే యూనియన్ వారు నమ్మరాదని మేము అక్కడ కూడా చెప్పి వచ్చాము.

ఆ సంఘం ఇప్పుడు డొమైన్‌ను తన పేరున మార్పించుకొని అయిదేళ్ళకు కట్టినది. రిజిస్ట్రార్ వద్ద వేరే కంపెనీ ఈ-మెయిలు, అధ్యక్షుల ఫోను నంబరు ఇచ్చారు. పాస్‌వర్డు సీలువేసిన కవరులో బీరువాలో ఉన్నది. గడువు తేదీని కేంద్రం గోడమీద, పశువుల బీమా తేదీల పక్కన రాశారు.