నిద్రలో ఊపిరి లెక్క

ఈపూరులో ఒక ముసలమ్మ. వయసు 70 దాటింది. కొంతకాలంగా ఆయాసం.

కోడలు పగలంతా మిరప చేలో కూలి చేస్తుంది. రాత్రిళ్లు అత్త గుండె మీద చెయ్యి పెట్టి చూస్తుంది. అత్త ఉలిక్కిపడి లేస్తుంది.

"ఏందమ్మాయ్, నిద్ర పోనియ్యవా?"

"ఊపిరి ఆడుతుందో లేదో చూశాను అత్తా!"

ఆశా కార్యకర్తకు ఈ సంగతి తెలిసింది. ఆమె ఇట్లా చెప్పింది:

"తాకకుండా ఊపిరి లెక్కపెట్టే యంత్రం వచ్చింది వదినా. దాని పేరు రాడార్. మచిలీపట్నంలో తుఫాను జాడ చెప్పేదీ రాడారే. ఇది చిన్నది. మంచానికి దూరంగా పెడతారు. కంటికి కనపడని రేడియో తరంగాలు పంపుతుంది. బావిలో కేక వేస్తే తిరిగి వినపడుతుంది కదా? అట్లాగే తరంగాలు మనిషికి తగిలి తిరిగి వస్తాయి. ఊపిరికి ఛాతీ లేచి పడుతుంది. దాన్నిబట్టి యంత్రం లెక్క కడుతుంది. గుండె కొట్టుకోవడం కూడా పసిగడుతుంది."

"అంత యంత్రం మనకెక్కడిది?" అంది కోడలు.

"నీకు కళ్లున్నాయి. గడియారం ఉంది. తాకొద్దు. పక్కన కూర్చో. ఛాతీ ఎన్నిసార్లు లేచిందో ఒక నిమిషం లెక్కపెట్టు. 12 నుంచి 20 దాకా మామూలు. 25కు చేరినా, 8కి తగ్గినా ఆపద. 108కి ఫోను చెయ్యి. ఊపిరి ఆగి ఆగి వస్తుంటే డాక్టరుకు చూపించు."

ఆ రాత్రి కోడలు లెక్కపెట్టింది. 28. మళ్లీ లెక్కపెట్టింది. 28. వెంటనే భర్తను లేపింది. 108 వచ్చింది.

ఆసుపత్రిలో కోడలు ఒక కాగితం ఇచ్చింది. దాని మీద తన చేత్తో రాసింది: 28.

డాక్టరు అది చూసి ముందు ముసలమ్మకు ప్రాణవాయువు పెట్టించాడు.

లెక్కపెట్టి రాయండి: మీ ఇంట్లో పెద్దవాళ్లకు నిద్రలో ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు?