వలలో పడు చారల జెల్ల

తీరగ్రామములందు అలివి వల ఒడ్డుకు చేర్చిన పిమ్మట అమ్మకమునకు వచ్చు చేపలను ఏరుకొని, తక్కిన చిల్లర చేపను ఇసుకపై కుప్పవేయుదురు. ఆ కుప్ప కొబ్బరి తోటలకు ఎరువుగా పోవుటయు కలదు. దానిని వట్టి చేతులతో ఎత్తు రైతు సోదరులు ఒక చిన్న చేపను గుర్తెరిగియుండవలెను.

అది చారల జెల్ల. శాస్త్రజ్ఞులు దీనిని ప్లోటోసస్ లినియేటస్ అందురు. ఎర్రసముద్రము మొదలు హిందూ మహాసముద్రము మీదుగా జపాను, సమోవాల వరకు ఇది కలదు. ఎంత పెరిగినను సుమారు 32 సెంటీమీటర్లు. పొలుసు లేదు. ముదురు గోధుమరంగు ఒంటిపై పొడవున లేతరంగు చారలు, నోటిచుట్టు నాలుగు జతల మీసములు, మలుగుపామువలె సన్నగిల్లిన తోక దీని గుర్తులు. ముదిరిన చేపకు చారలు మాసిపోవును గనుక మీసములను, తోకను చూచుటయే మేలు. పిల్లలు నూరేసి కూడి బంతివలె తిరుగును. వలలో పడినచో తరచు గుంపే పడును.

వీపుమీద ఒకటి, చెవులప్రక్క రెక్కలకు ఒక్కొక్కటి, మొత్తము మూడు ముళ్లు. వాని అంచులు రంపపు పండ్లవలె నుండును. ముల్లును కప్పిన పొరలో విషగ్రంథులు గలవు. గ్రుచ్చుకొనగానే పొర చినిగి విషము గాయములోనికి దిగును. ఈ చేప కరచి చంపునదని చెప్పుకొనుట వట్టి భ్రమ, భయమంతయు ముళ్లతోనే. అయితే చచ్చిన చేప ముల్లు గ్రుచ్చుకొన్నను విషమెక్కును. సూయజ్ కాలువకు ఆవల మధ్యధరా సముద్రమున కూడ ఈ శతాబ్దపు తొలి యేండ్లలో ఇది ప్రవేశించి, ఇశ్రాయేలు బెస్తలను బాధించుచున్నది. 2019లో యూరోపియన్ యూనియను దీనిని హానికరమైన పరాయి జాతుల పట్టికలో చేర్చినది.

పోటు తగిలినచో మంటతో కూడిన తీవ్రమైన నొప్పి, వాపు కలుగును. గాయమును కడిగి, పైకి కనిపించు ముల్లు ముక్కలను తీసి, ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో, అనగా సుమారు 45 డిగ్రీల సెంటీగ్రేడులో, అరగంట మొదలు గంటన్నర వరకు ఉంచవలెను. ఈ విషము వేడికి చెడిపోవును. నీటి వేడిని గాయపడని చేతితోనే చూడుడు. నొప్పిలో కాలుట తెలియదు. కోయుట, నోటితో పీల్చుట, బిగించి కట్టుట కూడదు. పిదప వైద్యునికి చూపి ధనుర్వాతపు సూదిమందు సంగతి అడుగవలెను. లోపల విరిగిన ముక్క నిలిచినచో పుండు చీము పట్టును. కీలులో దిగినను, ఊపిరాడకున్నను, సొమ్మసిల్లినను వేడినీటితో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.

జపానులో కొందరు దీనిని తిందురు. ఇక్కడ తినదలచినవారు ముందుగా పట్టకారుతో పట్టి మూడు ముళ్లును కోసివేయవలెను. ఆ ముళ్లను ఇసుకపై పారవేయక లోతుగా గుంటతీసి పూడ్చుడు. పిల్లలు అచ్చటనే వట్టి కాళ్లతో ఆడుకొందురు.