జర్మనుల పేర్లు - వాని పుట్టుక

ముత్యాలమ్మ, రామయ్య అనగానే యర్థము మనకు స్ఫురించును. జర్మను పేర్ల యర్థమన్ననో, నేటి జర్మనులకే పలువురకు వెంటనే తోచదు. వానిలో ననేకము వేయి సంవత్సరములకు పూర్వపు మాటలతో కూర్చబడినవి.

ప్రాచీన జర్మనులు రెండు పదములను జతపరచి పేరు పెట్టెడివారు. ఫ్రీడ్రిఖ్ అనుదానిలో శాంతి, ప్రభువు అను మాటలు కలవు. బెర్న్‌హార్డ్‌లో ఎలుగుబంటి, దార్ఢ్యము. ఆడుపిల్లల పేర్లును సుకుమారములు కావు: గెర్ట్రూడ్ అనగా ఈటె, బలము. రెండు పదములును గలిసి యొక్క యర్థము నీయవలెనను నియమము లేదు. వోల్ఫ్‌గాంగ్ అని బిడ్డను ముద్దుగా పిలిచిన తల్లి 'తోడేలు నడక' యని తలపోసి యుండదు. వంశమున వాడుకలోనున్న పదమును నిలుపుటయే వారికి ముఖ్యము. 9వ శతాబ్దమున వ్రాయబడిన హిల్డెబ్రాండ్ గీతమున తాత హెరిబ్రాండ్, తండ్రి హిల్డెబ్రాండ్, కొడుకు హాడుబ్రాండ్. తాత పేరు మనుమనికి పెట్టు మనకిది వింతగా తోచదు. ఆ తండ్రికొడుకులే రణమున నెదురుపడుదురు. కొడుకు తన పేరును తండ్రి పేరును చెప్పగా తండ్రి గుర్తించును; కొడుకు మాత్రము తన తండ్రి యెన్నడో మరణించెనని తలచి నమ్మడు.

క్రైస్తవమతముతో హీబ్రూ, గ్రీకు, లాటిను పేర్లు వచ్చినవి. యోహానెస్ ఇంటిలో హాన్స్ అయ్యెను. మార్గరేటె గ్రేటెల్ అయ్యెను. గ్రీకున నా పేరునకు ముత్యమని యర్థము గనుక గ్రేటెల్ మన ముత్యాలమ్మకు చెల్లెలే!

1756లో జన్మించిన సంగీతవిద్వాంసుడు మొజార్టు చరిత్ర వినుడు. జ్ఞానస్నానమున నతనికిడిన పేర్లలో థియోఫిలుస్ అను గ్రీకు పేరొకటి. తండ్రి దానిని జర్మనున గోట్లీబ్ అనెను. లోకమున నిలిచినది అమడేయుస్ అను లాటిను రూపము. వేషములు మూడు, అర్థ మొక్కటే: దేవప్రియుడు. మన పిల్లల కిట్టి భాగ్యము లేదు. తమిళ లిపిలో ప, బ, భలకు అక్షర మొక్కటే యగుటచే, భానుమతి యా లిపినుండి ఇంగ్లీషు పట్టికలోనికి పోవునప్పటికి పానుమతి యగుట మేమెరుగుదుము. అచట మారినది భాష. ఇచట చెడినది యర్థము.

పేర్లు మరణించుటయు గలదు. కులీనమైన తోడేలను నర్థముగల ఆడోల్ఫ్ అను పేరును 1945 తరువాత జర్మనులు దాదాపుగా విడిచిరి. నేడు విరివిగా పెట్టు నోవా హీబ్రూ పేరు, సోఫియా గ్రీకు, ఎమీలియా లాటిను. వానినడుమ ఎమ్మా యొకతె ప్రాచీన జర్మను సంతతి. 'సర్వము' అని దాని మూలార్థము.

జర్మనీలో బిడ్డ పేరును జననములను నమోదుచేయు నధికారి యంగీకరింపవలెను. ఒక బాలికకు కిరణ్ అని పేరిడగా, ఆడుబిడ్డయో మగబిడ్డయో తెలియదని యధికారి నిరాకరించెను. స్త్రీత్వమును తెలుపు మరియొక పేరును చేర్చుమనెను. తల్లిదండ్రులు వినక న్యాయస్థానముల కెక్కిరి. పేరు స్త్రీపురుష భేదమును తెలిపియే తీరవలెనను శాసనమేదియు లేదని రాజ్యాంగ న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పెను. కిరణ్ కిరణ్‌గానే నిలిచెను.