పోగుంటల ప్యాకెట్లు

అల్లుడా,

దేవరకొండ దుకాణంలో మిర్గం లోపే పత్తి విత్తనాలు నిండుగా దింపుతానని, వచ్చిన రైతు ఒక్కడు కూడా ఉత్త చేతులతో తిరిగిపోవద్దని రాసినవు. రెండో మాట బాగుంది. మొదటి మాటతోనే అది నెరవేరుతదంటే మాత్రం ఒప్పుకోను. వాన సంగతే చూడు. రుతుపవనాలు తెలంగాణలోకి 2023లో జూన్ 22న వచ్చినయి, 2025లో మే 26నే వచ్చినయి. దగ్గరదగ్గర నెల తేడా. తారీఖును నమ్మి పైసలన్నీ ఒకేసారి పెడితే, వాన వెనుకబడ్డ ఏడు వడ్డీ నీ మీద పడుతది. దాన్ని ధరలో కలుపుకునే వీలు లేదు. 475 గ్రాముల బీజీ-2 ప్యాకెట్‌కు 2025లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు. మిగిలినవి వచ్చే ఏడు అమ్ముదామంటే మొలక పరీక్ష చెల్లేది తొమ్మిది నెలలే. ప్యాకెట్‌కు నలభై రూపాయలు మిగులుతయనుకో, ఒక్కటి మూలకు పడితే ఇరవైకి పైగా ప్యాకెట్ల లాభం దానికే పోతది. కంపెనీ వాపసు తీసుకుంటదంటరు. మంచిదే. ఏ తారీఖు లోపలో, కిరాయి ఎవరిదో కాగితం మీద రాయించుకో. జూన్‌లో చెప్పిన నోటిమాట అక్టోబర్‌లో ఎవరికీ యాదికుండదు.

ఇక గిరాకీ దిక్కు నుంచి చూడు. మొదటి వానకు విత్తనం కొనే రైతుకు తొందరుంటది గానీ, నీ దగ్గర లేకుంటే పక్క దుకాణం ఉంటది. అతనికి ఏ దారీ లేని రోజులు ఆ తర్వాత వస్తయి. చెల్కలో గింజ పెట్టినంక వాన మొహం చాటేస్తే సాళ్లలో అక్కడక్కడ మొలక రాదు. ఆ ఖాళీల్లో పోగుంటలు పెట్టాలంటే ఒకటో రెండో ప్యాకెట్లు కావాలె, అదే రకం కావాలె, అదీ వారం పది రోజుల్లోనే. అప్పటికి దుకాణాలు ఖాళీ. పేరు లేని ప్యాకెట్లు, లూజు గింజలు ఊర్లకు దిగేది కూడా అప్పుడే. అందుకే ఇరవై రకాలు పదేసి పెట్టుకునేకన్నా ఆరు రకాలు గట్టిగా పెట్టుకో, ప్రతి రకంలో కొంత మొదటి గుంపుకు అమ్మకుండా ఆపుకో.

రైతు పేరు పట్టుకొని వస్తడు, ఆ పేరు లేకుంటే పోతడు అంటవు. కొందరు పోతరు, నిజమే. కానీ ఆ పేర్లు ఆకాశం నుంచి ఊడిపడవు. పోయినేడు ఎవరి చేను ఎట్ల కాసిందో పత్తి ఏరేనాటికే ఊరంతా ఎరుకైతది. నీ ఆరు రకాలు అక్కడినుంచే ఏరుకో. తక్కినవాటికి ‘తెల్లారి తెప్పిస్త’ అను, తెప్పించు.

యూరియా మాట తీస్తవని తెలుసు. 2025 ఆగస్టులో రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డరు కదా, నిల్వ ఉంటే ఆ బాధ ఉండేదా అని. ఆ కొరత దుకాణాల్లో పుట్టింది కాదు, పైనుంచి రావలసింది రాక వచ్చింది. యూరియా దిగే మిర్యాలగూడ నుంచి లారీ రావడానికి ఒక పూట చాలు. ఎదురుచూపంతా కేటాయింపు కోసమే. దాచిపెడితే ఈపాస్ మిషన్ లెక్కలో పట్టుబడుతవు, నిత్యావసర సరుకుల చట్టం ఉండనే ఉంది. ఈ సరుకులో నువ్వు చేయగల మేలు వేరు: లోడు ఎప్పుడొస్తదో, ఎన్ని బస్తాలో బోర్డు మీద రాయి, 266 రూపాయల 50 పైసల బస్తాకు తోడు అడగని నానో యూరియా సీసా అంటగట్టకు.

ఆర్డర్ పెట్టేముందు రకాల జాబితా పంపు. ఎన్ని ప్యాకెట్లు తెప్పిస్తున్నవో ఒక్కటే కాదు, ఒక్కో రకంలో పోగుంటలకు ఎన్ని ఆపుతున్నవో ఆ అంకె కూడా పక్కన వేయి.

మీ మామ