గానుగ ఆడకముందే పొయ్యికి రెండో పెనం

మునగపాక, కశింకోట, చోడవరం వైపు చెరకు తోటలు పక్వానికి వస్తున్నాయి. త్వరలో గానుగలు తిరుగుతాయి. ఈలోగా ఇంజను చూపించుకోవడం, రోలర్లు బిగించుకోవడం అందరూ చేస్తారు. పొయ్యి జోలికి వెళ్లేవారు తక్కువ. పాత గోడలకు కాస్త బంకమట్టి మెత్తి మంట పెట్టేస్తారు. బెల్లం వంటలో రైతు ఎక్కువగా నష్టపోయేది ఆ పొయ్యి గోతి దగ్గరే. అందుకే ఈసారి సలహా అంతా పొయ్యి గురించే.

ముందు ఒక లెక్క చూడండి. 800 కిలోల చెరకు ఆడితే సుమారు 500 కిలోల రసం వస్తుంది. అది 18 బ్రిక్స్ ఉంటే అందులో తీపి పదార్థం 90 కిలోలు. అంటే 100 కిలోలకు కాస్త తక్కువగా బెల్లం దిగాలంటే 400 కిలోల నీరు ఆవిరి కావాలి. ఒక్క పెనం ఉన్న మామూలు పొయ్యిలో మంట వేడిలో రసానికి చేరేది ఐదో వంతు, మహా అయితే పావు వంతు. ఈ లెక్కన ఒక వంటకు 300 కిలోల వరకు ఎండు పిప్పి కావాలి. అదే చెరకు నుంచి వచ్చే పిప్పి ఎండాక 170 కిలోలకు మించదు. మిగతాది కట్టెలతోనో, చెరకు ఆకుతోనో పూడ్చుకుంటున్నాం. ఆ ఆకు పొయ్యిలోకి పోవడం నాకు ఏటా బాధగానే ఉంటుంది. చాళ్ల మధ్య హెక్టారుకు 3 టన్నుల చెత్త కప్పితే తేమ నిలుస్తుంది, పీక పురుగు తగ్గుతుంది. కార్శి తోటకు దక్కాల్సిన ఆ మేలు పొగగొట్టం పాలవుతోంది.

పొగగొట్టం పైన రాత్రిపూట మంట నాలుక కనిపిస్తోందా? అయితే మీ పిప్పి సగం ఆకాశంలో కాలుతున్నట్టే. మొదటి పెనాన్ని దాటి పోయే ఆ వేడిని రెండో పెనం కింద నుంచి మళ్లించాలి. రసాన్ని మరుగు దాకా తేవడానికే వంట మొత్తం వేడిలో ఎనిమిదో వంతు పోతుంది. ఇప్పుడు వృథాగా పోతున్న వేడితోనే ఆ పని జరిగిపోతుంది.

కట్టడం మన ఊరి మేస్త్రీ చేయగలిగినదే. మంట వేసే నోటి దగ్గర ఇనుప చువ్వల జాలీ పెట్టించండి. దాని కింద అడుగున్నర లోతున బూడిద గుంట, ఆ గుంటకు బయటి నుంచి గాలి అందే దారి వేరుగా ఉండాలి. పిప్పి నేలమీదే కాలే పొయ్యిల్లో బూడిద కింద సగం కాలిన పిప్పి మిగిలిపోతుంది. చల్లగాలి మంట నోటి నుంచే లోపలికి దూరి పెనం అడుగును చల్లబరుస్తుంది. మొదటి పెనం దాటాక సొరంగం నేలను మెల్లగా పైకి లేపుకుంటూ రావాలి. రెండో పెనం అడుగుకూ ఆ నేలకూ మధ్య జానెడు, జానెడున్నర ఖాళీ చాలు. ఎక్కువ వదిలితే వేడి గాలి పెనాన్ని సరిగా తాకకుండానే గొట్టంలోకి జారుకుంటుంది. మరీ ఇరుకు చేస్తే పొగ వెనక్కి తంతుంది. కాబట్టి సొరంగం లోపలి వైశాల్యం ఎక్కడా పొగగొట్టం వైశాల్యం కంటే తగ్గకూడదు. గొట్టం మొదట్లో జరిపే ఇనుప రేకు ఒకటి అమర్చుకుంటే మంట గుంజుడును చేతిలో పెట్టుకోవచ్చు.

మంట తగిలే చోట ఫైర్ ఇటుకలే వాడండి. సిమెంటు ఆ వేడికి పగులుతుంది, బంకమట్టి అడుసుతోనే కట్టించండి. రెండో పెనాన్ని మొదటిదాని కంటే ఎత్తులో కూర్చోబెడితే వేడి రసం కుళాయి తిప్పగానే దానంతటదే దిగుతుంది, బిందెలతో మోసే ప్రమాదం తప్పుతుంది. పెనం అంచుకూ గోడకూ మధ్య సందుల్లో ఊక కలిపిన మట్టి కూరండి.

అమెరికాలోని వెర్మాంట్, కెనడాలోని క్విబెక్‌లో మేపుల్ చెట్టు రసం కాచే రైతులూ ఈ దారిలోనే నడిచారు. వారి రసంలో తీపి 2 శాతం మాత్రమే. ఒక లీటరు పాకానికి సుమారు 40 లీటర్ల రసం మరగాలి. అంత కట్టె ఖర్చు వారికి వేడి విలువ నేర్పింది. ఇంటి పెరట్లో పాత ఇనుప పీపాతోనో, సిమెంటు దిమ్మెలతోనో కట్టుకునే చిన్న పొయ్యి మీద కూడా వెడల్పు పెనాల్లో రసాన్ని పలుచగా పోస్తారు, బాగా ఎండి, సన్నగా చీల్చిన కట్టెలే వేస్తారు. పెద్ద పొయ్యిల్లో వెనక పెనం అడుగు లోతైన మడతలుగా మంటలోకి దిగి ఉంటుంది. మన పెనం అడుగున ఇనుప రెక్కలు వెల్డింగ్ చేయించే పద్ధతికీ కారణం అదే: మంటకు తగిలే లోహం పెరగాలి.

ఎంత మంచి పొయ్యి అయినా పచ్చి పిప్పి వేస్తే దండగ. గానుగ నుంచి వచ్చినప్పుడు పిప్పి బరువులో సగం నీరే. ఎండలో పలుచగా పరిచి, తిరగేసి, పొయ్యికి దూరంగా వామి వేయండి. మంటలో కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. నల్లపొగ వస్తే గాలి చాలలేదని గుర్తు. పాత టైర్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ మసి మీ ఊపిరితిత్తుల్లోకీ, మీ బెల్లంలోకీ చేరుతుంది.

రెండో పెనంలో రసం నెమ్మదిగా కాగుతుంది కనుక మడ్డి తేటగా పైకి తేలుతుంది. మరుగు రాకముందే తీసేయండి. చెరకు రసం పీహెచ్ 5.2 నుంచి 5.4 ఉంటుంది. సున్నపు తేటతో 6.0–6.4కు తేవాలి, అంతకు మించితే బెల్లం నల్లబడుతుంది. నలగ్గొట్టిన బెండ కాండం జిగురు కలిపితే మడ్డి బాగా కడుతుంది. రంగు కోసం గుప్పెడు హైడ్రోస్ చల్లే అలవాటు మానండి. తినేది పిల్లలు.

పాకం దించే సమయానికి థర్మామీటరు వాడండి, చెయ్యి తిరిగిన వంటవారున్నా సరే. దిమ్మ బెల్లానికి 118 డిగ్రీలు. బెల్లం పాకంగా సీసాల్లో అమ్మదలిస్తే 105–106 దగ్గరే దించాలి. గడ్డకట్టకుండా కిలోకు 400 మిల్లీగ్రాముల సిట్రిక్ ఆమ్లం కలిపి, వారం పది రోజులు తేరనిచ్చి సీసాల్లో నింపాలి. కొద్దిపాటి తోట ఉన్న రైతు ఒకటి రెండు వంటలైనా ఇలా చేసి చూడటం మంచిదని నా అభిప్రాయం. మార్కెట్ యార్డులో రంగు చూసి ధర కట్టే బేరం నుంచి కాస్త బయటపడొచ్చు.

కొత్త పొయ్యిలో వెంటనే పెద్ద మంట వేయకండి. కొన్ని రోజులు చిన్న మంటలతో గోడలు ఆరనివ్వండి. తర్వాత రెండు పెనాల్లోనూ నీళ్లు నింపి, పిప్పి తూచి మంట వేయండి. ఖాళీ పెనం కింద మంట పెడితే అడుగు వంకర పోతుంది. మొదటి పెనం తెర్లుతున్నా రెండోదానిలో నీళ్లు గోరువెచ్చగానే ఉంటే, గొట్టం రేకును కొంత మూసి చూడండి. అప్పటికీ మారకపోతే సొరంగం నేలను ఇంకో వరుస ఇటుకలతో లేపించండి. ఆ మార్పు కోతలు మొదలుకాకముందే చేయాలి, ఎందుకంటే నరికిన చెరకును 24 గంటల్లోపు ఆడకపోతే దిమ్మ సరిగా గట్టిపడకపోవచ్చు.