రెండు ఎడమ పట్టీలు

బోధన్



బిడ్డా, నువ్వు పంపిన బ్యాగు ఫోటో చూశాను. పట్టీ తెగలేదు, కుట్టు దగ్గర గుడ్డ చిరిగింది. ముప్పై ఏళ్లుగా కుట్టుపనికి నా దగ్గరికి వచ్చిన బ్యాగుల్లో ఎక్కువ భాగానికి ఇదే రోగం. బ్యాగు నాకు పంపమని అనను. రెండు పట్టీలూ నువ్వే కుట్టు. నువ్వు ఎక్కబోయే గుట్ట మీద ఊడితే నేను పక్కన ఉండను కదా.

మన సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. పేపర్లో ఫోటో వస్తే గల్లీ అంతా ఆమె ముఖం చూసింది, నా చూపు మాత్రం ఒంటికి కట్టుకున్న పట్టీలు, బకిళ్ల మీదికి పోయింది. వృత్తిదోషం. ఆమె బండలెక్కడం నేర్చుకున్న భువనగిరి గుట్టకే నువ్వూ పోతానంటున్నావు, సంతోషం.

ముందు కొలత. కొన్న బ్యాగు పట్టీ చూసి కాపీ కొట్టకు, అది ఎవరి భుజానికో కోసింది. మెడ వెనక ఎముక నుంచి నాలుగు వేళ్లు కిందికి టేపు పెట్టి, భుజం మీదుగా ముందుకు తెచ్చి, చంక దాటి అరచేయి వెడల్పు కింద ఆపు. దిండు భాగం పొడవు అదే. నీ ఒంటికి నలభై, నలభై అయిదు సెంటీమీటర్లు రావచ్చు. పాత పేపరు మీద గీసుకో. తిన్నగా కాదు, ఛాతీ పక్కనుంచి తిరిగేటట్టు కొంచెం వంపుగా. భుజం దగ్గర ఏడు సెంటీమీటర్ల వెడల్పు, కిందికి వచ్చేసరికి అయిదు చాలు.

పేపరు ఒక్కటే అయినా రెండోసారి కోసేటప్పుడు తిరగేసి పెట్టాలి. పని నేర్చుకున్న కొత్తలో నేను తిరగేయలేదు. ఒక స్కూలు పిల్లాడి బ్యాగుకి రెండూ ఎడమ పట్టీలే వచ్చాయి. వాడు వారం రోజులు వంకరగా నడిచి, చివరికి వాళ్ల తాతను తీసుకొచ్చాడు. తాత ఏమన్నాడో ఉత్తరంలో రాయలేను.

లోపల పెట్టేది దిండు స్పంజి కాదు. మెత్తగా ఉంటే కొత్తలో హాయిగానే ఉంటుంది, నెల తిరిగేసరికి అప్పడం అయిపోతుంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లారీలు నడిచిన రోజుల్లో మా దగ్గరికి వాటి సీట్లు వచ్చేవి. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది, 2015లో మూతపడింది. సీజన్‌లో రాత్రంతా నడిపే డ్రైవర్లు మెత్తటి సీటు అడిగేవాళ్లు కాదు, వేలితో నొక్కితే తిరిగి పైకి లేచేది అడిగేవాళ్లు. నీకూ అదే కావాలి. యోగా చాప లాంటి గట్టి ఫోమ్, ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మందం. ఒంటికి తగిలే వైపు జాలీ గుడ్డ, బయటి వైపు గట్టి నైలాన్ గుడ్డ. రెక్సిన్ వద్దు, చెమట ఆరదు.

ఇప్పుడు అసలు సంగతి. బరువు మోసేది ఫోమూ కాదు, గుడ్డా కాదు. నవారు. పట్టీ పైకొస నుంచి కిందికొస దాకా నైలాన్ నవారు ఒకటే ముక్కగా పోవాలి. పైగుడ్డ విడిగా ఉన్నప్పుడే దాన్ని కుట్టెయ్, కిందికొస బకిల్‌లోంచి మడిచి వెనక్కి తెచ్చి కుట్టు. కోసిన అంచులు కొవ్వొత్తి మంటకు చూపించు, లేకపోతే పోగులు లేస్తాయి. ఆ తర్వాతే రెండు గుడ్డలు కలిపి కుట్టి, తిరగేసి, ఫోమ్ దూర్చు.

బ్యాగుకు బిగించేటప్పుడు గుడ్డ మీద నేరుగా కుట్టకు. పై కుట్టు విప్పి, లోపల అడ్డంగా ఇంకో నవారు ముక్క పెట్టి, రెంటినీ కలిపి డబ్బా గీసినట్టు కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వెయ్యి. గట్టిగా ఉండాలని ఒకే గీత మీద పదిసార్లు పోనిస్తారు కొందరు. సూది పోట్లు దగ్గర దగ్గరగా పడితే స్టాంపు చిరిగినట్టు అక్కడే చిరుగుతుంది. సెంటీమీటరుకు మూడు కుట్లు చాలు. దారం పాలిస్టరుదే, కాటన్ ఎండకూ చెమటకూ పుచ్చిపోతుంది. సూది 18 నంబరు. మందం వచ్చిన చోట పెడల్ మీంచి కాలు తీసేసి, మిషన్ చక్రం చేత్తో తిప్పు.

రెండు పట్టీల మధ్య మెడ దగ్గర నాలుగు వేళ్ల ఎడం. ఎక్కువైతే భుజం మీంచి జారతాయి, తక్కువైతే మెడ కోస్తాయి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తా మోసే హమాలీని ఎప్పుడైనా గమనించావా? బస్తా వీపుకు అతుక్కుని ఉంటుంది. వెనక్కి వేలాడితే నాలుగడుగులు వేయలేడు. నీ పట్టీ పని కూడా అంతే, బ్యాగును వీపుకు అతికించి పెట్టాలి. పది కిలోలు దాటితే మాత్రం నడుం బెల్టు కావాలి, అది ఇంకో ఉత్తరం.

కుట్టాక వెంటనే గుట్టకు పోకు. పది కిలోల చక్కెర నింపి రాత్రంతా వేపకొమ్మకు వేలాడదీయి. తెల్లారి కుట్టు పక్కన చిన్న కన్నాలు సాగాయేమో చూడు. సాగకపోతే నిజామాబాద్ ఖిల్లా రామాలయం మెట్లు ఎక్కు, తర్వాత ఆర్మూర్ సిద్ధులగుట్ట.

నవారు మూడు మీటర్లు, బకిళ్లు నాలుగు, సూదులు ఆరు పార్శిల్ చేస్తున్నాను. నాలుగు సూదులు విరుగుతాయని లెక్కవేశాను. మీ అమ్మ మిషన్‌కు నూనె పడి ఏడాది దాటిందట, ముందు అది చూడు.

నీ మేనమామ