లైటు ఆర్పడం కాదు, తప్పు పట్టుకో

అల్లుడూ,

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పని దొరికిందనీ, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరని బండ్లు రోజూ వస్తున్నాయనీ రాశావు. ఆ గల్లీల్లో ఇరవై ఏండ్లు పానా పట్టినవాణ్ణి, తెలిసింది చెప్తా.

ఇగ్నిషన్ వేయంగనే ఆ లైటు వెలగాలి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరలేదంటే గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించు. ఎవరో బల్బు పీకేసి ఉంటారు.

ముందు ఎస్ఆర్ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థను చదివే స్కానర్ పెట్టి కోడ్ రాసుకో. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చిన్న స్కానర్‌తో ఈ పని కాదు. లైటుతో పాటు హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా చచ్చిపోతే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగిందని అనుకో. సీటు వెనక్కీ ముందుకీ జరిపినప్పుడు లైటు వస్తూ పోతూ ఉంటే సీటు కింది పసుపు కనెక్టర్ చూడు. అక్కడి ఎండకు ఏసీ ఆగదు కదా, డ్రెయిన్ పైపులో ఇసుక పట్టి నీళ్ళు కార్పెట్ కిందికి చేరతాయి. ఒకసారి రెండు రోజులు కోడ్‌తో కొట్లాడి చివరికి కార్పెట్ ఎత్తితే కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి కనపడ్డాయి. అప్పటినుంచి నా చెయ్యి ముందు కార్పెట్ మీదికే పోయేది.

ఏది ముట్టుకున్నా ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయి. తర్వాత పది నిమిషాలు ఆగు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లోని కెపాసిటర్ కొంతసేపు కరెంటు దాచుకుంటుంది. బ్యాగ్ వైర్లకు మల్టీమీటర్ పెట్టకు. మీటరు పంపే ఆ చిన్న కరెంటుకే పేలొచ్చు. ఊడదీసిన బ్యాగును కవరు పైకి ఉండేలా పెట్టు. అది ఉబ్బడానికి పట్టేది సెకనులో ముప్పయ్యో వంతు, నీ చెయ్యి వెనక్కి రాదు.

లైటు చెప్పని జబ్బు ఒకటుంది. బ్యాగును ఉబ్బించే తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ ఏండ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటర్లు పగిలి లోహపు ముక్కలు విసిరాయి. దేశదేశాల్లో మనుషులు చనిపోయారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. గల్ఫ్ తీరంలో వేడీ తేమా రెండూ ఉన్నాయి. పాత బండి వస్తే ఛాసిస్ నంబరుతో షోరూంలో రీకాల్ ఉందేమో అడిగించు, ఉంటే ఉచితంగానే మారుస్తారు.

రేపే ముల్కియా (బండి రిజిస్ట్రేషన్) టెస్టు ఉందని తొందరపెట్టి, బ్యాగ్ బదులు రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పమనేవాళ్ళు వస్తారు. ఎన్ని దిర్హమ్‌లు ఇస్తామన్నా ఆ పని చేయకు అల్లుడూ, బండి తిప్పి పంపించు.

మీ మామ